అప్రెంటిస్‌షిప్ టెస్ట్ పోయింది, మళ్లీ రాయించమంటారా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి 19 ఏళ్లు. డిగ్రీ వద్దు, ఎలక్ట్రీషియన్ అవుతానని, ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఐబీఈడబ్ల్యూ వాళ్ల అప్రెంటిస్‌షిప్‌కు (పని చేస్తూ నేర్చుకునే శిక్షణకు) అప్లై చేశాడు. ఆప్టిట్యూడ్ టెస్ట్‌లో క్వాలిఫై కాలేదని లెటర్ వచ్చింది. లెక్కల్లో చివరి ప్రశ్నలు చూడటానికే టైమ్ చాలలేదట. మళ్లీ రాయాలంటే ఆరు నెలలు ఆగాలి. ఈలోగా కంప్యూటర్స్‌లో చేర్పిద్దామని మా ఆవిడ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మళ్లీ రాయనివ్వండి. క్లాసులో లెక్కలు చేయగలడా, చదివింది అర్థం చేసుకోగలడా అని మాత్రమే ఈ టెస్ట్ చూస్తుంది. ఆ పని అతనికి నప్పుతుందా లేదా అన్నది ఇందులో తేలదు. టెస్ట్ పోయింది కదా అని కంప్యూటర్స్‌లో వేస్తే, ఇష్టం లేని చదువుకు ఫీజులు కట్టినట్టే. తనకే మనసు మారితే అది వేరే మాట.

ఇక టెస్ట్ సంగతి. ఆల్జీబ్రాలో 33 ప్రశ్నలకు 46 నిమిషాలు, రీడింగ్‌లో 36 ప్రశ్నలకు 51 నిమిషాలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషంన్నర కూడా లేదు. కాలిక్యులేటర్ వాడనివ్వరు. 1 నుంచి 9 వరకు ఉండే స్కోర్‌లో కనీసం 4 వస్తే ఇంటర్వ్యూకు అర్హత వస్తుంది.

మీ అబ్బాయికి టెస్ట్ పోయింది లెక్కలు రాక కాదు, చేత్తో లెక్క చేయడం నెమ్మదిగా ఉండటం వల్ల. ఇక్కడి స్కూళ్లలో కాలిక్యులేటర్‌కు అలవాటుపడ్డ పిల్లల్లో ఇది తరచూ చూస్తుంటాను. ఎ = బి × (సి – 2) అని ఇచ్చి, ఎ 24, బి 6 అయితే సి ఎంత అని అడిగారనుకోండి. 6 అని అర నిమిషంలో రావాలి. భిన్నాలు, రుణ సంఖ్యలు, ఫ్యాక్టర్లు, గ్రాఫ్ చూసి సూత్రం గుర్తుపట్టడం, సంఖ్యల వరుసలో తర్వాతిది చెప్పడం, ఇవన్నీ స్కూల్లో చెప్పే ఆల్జీబ్రా వన్ స్థాయివే. ఖాన్ అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజూ ఓ గంట కాగితం మీదే చేయమనండి, పక్కన టైమర్ పెట్టుకుని. ఎక్కడ ఆగిపోతున్నాడో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే, రెండు మూడు వారాలకే తప్పులన్నీ ఏ నాలుగు చోట్ల వస్తున్నాయో తెలిసిపోతుంది. మిగతా సమయం వాటి మీదే పెట్టాలి.

రీడింగ్‌ను వదిలేయొద్దు. ఎలక్ట్రీషియన్‌కు ఇంత చదువు ఎందుకని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. వైరింగ్ నియమాలన్నీ ఉండే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ మూడేళ్లకోసారి మారుతుంది. అందులో ఒక్క మినహాయింపు సరిగా చదవకపోతే ప్రాణాల మీదకు వస్తుంది. టెస్ట్‌లో మాత్రం సొంత జ్ఞానం పక్కన పెట్టి, ఇచ్చిన పేరాలో ఉన్నదాన్ని బట్టే జవాబు గుర్తించాలి.

ఈ ఆరు నెలలూ ఇంట్లో కూర్చోబెట్టకండి. టెక్సస్‌లో లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ టీడీఎల్ఆర్ దగ్గర అప్రెంటిస్ ఎలక్ట్రీషియన్ లైసెన్స్ తీసుకుంటే, కాంట్రాక్టర్ దగ్గర లైసెన్స్ ఉన్నవాళ్ల కింద పని చేయొచ్చు. అప్రెంటిస్ తర్వాతి మెట్టయిన జర్నీమన్ లైసెన్స్‌కు కావాల్సిన 8,000 గంటల అనుభవంలో ఆ గంటలు కలుస్తాయి. పైగా టెస్ట్ గట్టెక్కాక ర్యాంక్ ఇచ్చేది ఇంటర్వ్యూను బట్టి. జులై ఎండలో అటక మీద వైరు లాగిన కుర్రాడు 'ఈ పని నాకెందుకు కావాలంటే' అని చెప్పే తీరే వేరుగా ఉంటుంది. యూనియన్‌తో సంబంధం లేకుండా ఐఈసీ అనే ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ల సంఘం నడిపే నాలుగేళ్ల ప్రోగ్రాం కూడా ఉంది, దాని వివరాలూ కనుక్కోండి.

మీరు రాయలేదు గానీ ఒకటి అడగాలి. అబ్బాయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాడా? అప్రెంటిస్‌షిప్ అంటే జీతం తీసుకునే ఉద్యోగం. వర్క్ పర్మిట్ లేకపోతే టెస్ట్ పాసైనా చేరలేడు, ఈలోగా కాంట్రాక్టర్ దగ్గర పనీ చేయలేడు. ముందు లాయర్‌తో మాట్లాడండి.

గ్రీన్‌కార్డో, సిటిజన్‌షిప్పో ఉంటే, ఈ వారమే టెస్ట్ పెట్టిన యూనియన్ ట్రైనింగ్ సెంటర్‌కు ఫోన్ చేయమనండి. మళ్లీ రాయడానికి ఏ తేదీ నుంచి అర్హుడో, అప్లికేషన్ కొత్తగా పెట్టాలో లేదో అడగాలి. ఆ ఫోన్ మీరు కాదు, అతనే చేయాలి.