అరకు వెళ్లాలనుంది... నా చూపు సంగతి తనకెలా చెప్పను?

ప్రశ్న: నా వయసు 43. రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనకుండే రెటినా పొర మెల్లమెల్లగా దెబ్బతినే జబ్బు) ఉందని ఎనిమిదేళ్ల కిందట డాక్టర్లు చెప్పారు. పేపర్ చదువుతాను, సూదిలో దారం ఎక్కిస్తాను. కానీ పక్కనున్నవి కనిపించవు, చీకటి పడితే అడుగు వేయలేను. ఇంటర్ నుంచి నా ప్రాణస్నేహితురాలు విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్దామంటోంది. నా చూపు ‘కొంచెం వీక్’ అని మాత్రమే తనకు తెలుసు. పోయిన కార్తికంలో అన్నవరం మెట్ల దగ్గర తడబడితే మణికట్టు పట్టుకుని గబగబా లాక్కెళ్లింది. అందరూ చూస్తున్నారని విదిలించుకున్నాను. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఏదో వెలితి. మావారేమో ‘ఈ కళ్లతో టూర్లెందుకు’ అంటున్నారు. వెళ్లాలనుంది, భయంగానూ ఉంది.

జవాబు: వెళ్లండమ్మా. ముందు ఆ మాట చెప్పేసి, మిగతావి మాట్లాడతాను.

సూదిలో దారం ఎక్కించే మనిషికి కాళ్ల దగ్గరున్న బకెట్ కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు? మీ జబ్బులోని కష్టమంతా అక్కడే ఉంది. సాధారణంగా ముందు రాత్రిచూపు తగ్గుతుంది, తర్వాత పక్కచూపు కుంచించుకుపోతుంది, నడిమి చూపు మాత్రం చాలామందికి చాలాకాలం నిలుస్తుంది. అందుకే ‘కావాల్సినప్పుడు బాగానే కనిపిస్తుందిలే’ అనేస్తుంటారు. ఆ మాట పడ్డవాళ్లు నా ఎదుట కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. మీ స్నేహితురాలు ఎప్పుడో పక్కనుంచి చెయ్యి చాపితే మీరు అందుకోకపోయి ఉంటారు. బజార్లో పలకరింపుగా చెయ్యి ఊపితే చూడకుండా వెళ్లిపోయి ఉంటారు. ‘వీక్’ అన్న ఒక్క మాటతో తనకు ఇవన్నీ ఎలా అర్థమవుతాయి? అన్నవరంలో తను సాయం చేశాననుకుంది, మీరు విదిలించుకున్నారు. తనకూ మనసు నొచ్చుకునే ఉంటుంది.

టికెట్లు తీయకముందే చెప్పేయండి. జబ్బు పేరుతో మొదలుపెట్టొద్దు. రెండు కాగితాలు సన్నటి గొట్టాల్లా చుట్టి తన కళ్లకు పెట్టి, మీ హాల్లో నాలుగడుగులు నడవమనండి. టీపాయ్ తగలకుండా మీరు పక్కనే ఉండండి. ఆ నాలుగడుగుల్లోనే తనకు సగం తెలిసిపోతుంది.

తర్వాత నడక. తను మిమ్మల్ని పట్టుకోవడం కాదు, మీరే తనను పట్టుకోవాలి. మోచేతికి కాస్త పైన పట్టుకుని, సగం అడుగు వెనకగా నడవండి. తను మెట్టెక్కితే ఆ చెయ్యి పైకి లేస్తుంది, దిగితే కిందికి జారుతుంది. మీ పాదం కంటే ముందే మీ వేళ్లకు తెలుస్తుంది. మెట్ల ముందు ఒక్క క్షణం ఆగి ‘ఎక్కాలి’ అనో ‘దిగాలి’ అనో అంటే చాలు. ‘జాగ్రత్త, జాగ్రత్త’ అంటే టెన్షన్ పెరగడం తప్ప ఎటు జాగ్రత్తపడాలో ఎలా తెలుస్తుంది?

ఆ రైలు దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. మీ కళ్లు చీకటికి అలవాటుపడేలోపే మళ్లీ వెలుగు కొడుతుంది. కాబట్టి బాత్రూమ్‌కు వెళ్లే పనేదైనా ఉంటే శృంగవరపుకోట దాటకముందే చూసుకోండి. ఘాట్ మొదలయ్యాక సీట్లోంచి లేవద్దు. బొర్రా గుహల్లో మసక వెలుతురు, తడి మెట్లు. నా మాట వింటే అక్కడ తనను లోపలికి పంపి, మీరు బయట బొంగు చికెన్ కాలేదాకా కూర్చోండి. ‘నీకోసం నేనూ మానేస్తా’ అని తనంటే ఒప్పుకోవద్దు. సాయంత్రం అదే రైల్లో తిరిగొస్తే విశాఖలో దిగేసరికి రాత్రవుతుంది. అరకులో ఒక రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే బస్సెక్కితే పగలుండగానే చేరతారు.

మీవారి భయం కసురుకున్నట్టు వినిపించినా అది భయమే. ఈ ఏర్పాట్లన్నీ ఆయనకు చెప్పండి. రెటినా డాక్టర్‌కు చూపించుకుని ఏడాది దాటితే మళ్లీ చూపించుకోండి. ఈ జబ్బున్నవాళ్లకు శుక్లాలు కూడా రావచ్చు, వాటికి వైద్యం ఉంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్‌తో పాటు విశాఖలోనూ ఉంది. అక్కడ లో విజన్ సేవల గురించి, అంటే మిగిలిన చూపును బాగా వాడుకోవడానికి చేసే సాయం గురించి అడగండి. ఇంకో సంగతి. చార్టులో అక్షరాలు చదవగలుగుతున్నాను కదా అని దివ్యాంగుల సర్టిఫికెట్ మాట వదిలేయకండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చూపు పరిధిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అది 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల దాకా ఉంటే లో విజన్ కిందకు, 10 కంటే తక్కువుంటే అంధత్వం కిందకు వస్తుంది.

ఈ ఆదివారం తనను ఇంటికి పిలవండి. పొద్దుగూకాక తన మోచెయ్యి పట్టుకుని మీ వీధి చివరిదాకా వెళ్లి రండి. ఎక్కడ ఇబ్బందిపడ్డారో ఇంటికొచ్చాక ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.