బీసెంట్ నగర్‌లో అయిదు రోజుల అద్దె ఇల్లు: ముందు నీళ్ల సంగతి అడగండి

వయసు మళ్లిన తల్లిదండ్రులతో హైదరాబాదు నుంచి చెన్నై వస్తున్నామనీ, బీసెంట్ నగర్ తీరంలో హోటలుకు బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంటును అయిదు రోజులకు అద్దెకు తీసుకోవడం మంచిదేనా అనీ మీరు అడిగారు. నేను ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. రెండేళ్ల క్రితం రాజమండ్రి నుంచి అమ్మానాన్నలూ, అక్క కుటుంబమూ వచ్చినప్పుడు వేళచ్చేరిలోని మా ఇరుకు ఫ్లాటు చాలక, అచ్చంగా మీరు అనుకుంటున్నటువంటి ఇంటినే తీసుకున్నాను. తీసుకోవచ్చుననే చెబుతాను, అయితే సముద్రం ఎంత దూరమని అడగడానికి ముందు, కుళాయిలో ఏ నీళ్లు వస్తాయో యజమానిని అడగండి.

మేము దిగిన పూటే అమ్మ కుక్కరులో కందిపప్పు పెట్టింది. ఏడు కూతలు వచ్చినా పప్పు పలుకుగానే ఉంది. పప్పు పాతదని అక్కా, గాస్కెట్ పాడయిందని బావా వాదించుకుంటూ ఉండగా, అమ్మ కుళాయి నీటిని ఒక చుక్క నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది. తీరానికి ఆనుకుని ఉన్న ఇళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. భూగర్భజలాన్ని అతిగా తోడిన చోట సముద్రపు నీరు లోపలికి చొచ్చుకు రావడం దీనికొక కారణం. అటువంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగదీస్తాయి కనుక పప్పు ఓ పట్టాన మెత్తబడదు. ఆ రాత్రి ఇరవై లీటర్ల క్యాను తెప్పించి, ఆ నీళ్లతో మళ్లీ వండితే పప్పు వెన్నలా ఉడికింది. చెన్నైవాసులు ఇల్లు చూసేటప్పుడు మొదట అడిగే ప్రశ్న "మెట్రో వాటరా (నగర నీటి సరఫరా సంస్థ ఇచ్చే నీళ్లా), బోరా?" అన్నదే. 2019 వేసవిలో నగరానికి నీరందించే ప్రధాన జలాశయాలు దాదాపుగా ఎండిపోయిన రోజులు చూసినవారికి ఆ ప్రశ్న వింతగా తోచదు. చెన్నైకి దక్షిణాన తీరంలో ఉన్న నెమ్మేలిలో 2013 నుంచి సముద్రపు నీటి నుంచి రోజుకు పది కోట్ల లీటర్ల మంచినీరు తీయగల కేంద్రం నడుస్తున్నా, మీరు దిగే భవనం ట్యాంకులోకి ఏ నీళ్లు ఎక్కుతున్నాయన్నది ఆ భవనాన్ని బట్టే ఉంటుంది.

రెండో ఇబ్బంది ఇంతకంటే చేదైనది. రెండో రోజు పొద్దున అసోసియేషన్ కార్యదర్శి వచ్చి, ఈ భవనంలో రోజువారీ అద్దెలను తాము అనుమతించడం లేదని మర్యాదగానే చెప్పారు. ఫోను చేస్తే, "మా బంధువులమని చెప్పండి" అన్నాడు ఇంటి యజమాని. ముప్పయ్యేళ్లు బడిపంతులుగా పనిచేసిన మా నాన్నగారికి అది తలకొట్టేసినట్లయింది. మిగిలిన రోజులు ఆయన వాచ్‌మన్ ఎదురుగా దిగడానికే ఇష్టపడలేదు. కాబట్టి అసోసియేషన్ అనుమతి ఉన్నట్లు యజమాని చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఆ ఒక్క ప్రశ్నకు నీళ్లు నమిలే మనిషి ఇల్లు ఎంత చవకైనా వద్దు.

లిఫ్టు ఉందో లేదో, ఉంటే కరెంటు పోయినప్పుడు నడుస్తుందో లేదో కనుక్కోండి. ప్రకటనల్లోని ఫొటోలను నేను ఇప్పుడు పెద్దగా నమ్మను. మా ఇంటి ప్రకటనలో బాల్కనీ నుంచి సముద్రంలో అస్తమిస్తున్న సూర్యుడు ఉన్నాడు. చెన్నై తీరం తూర్పుముఖమన్న సంగతి డబ్బు కట్టాక గాని నాకు తట్టలేదు!

ఇంతా చెప్పి కూడా, మళ్లీ అవసరం పడితే హోటలుకు వెళ్లను. అమ్మ తెల్లవారుజామున ఫిల్టరు కాఫీ తాగి, చల్లగా ఉండగానే ఇసుకలో నడిచి, అష్టలక్ష్మి ఆలయానికి వెళ్లి వచ్చేది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక తూర్పు కిటికీ తెరిస్తే ఏసీ అవసరమే రాలేదు. పెద్దవాళ్లకు ఇంటి తిండి, పిల్లలకు పరుగెత్తడానికి చోటు హోటలు గదిలో దొరకవు. పిల్లలను మాత్రం నీళ్లలోకి దింపకండి. పైకి నెమ్మదిగా కనిపించే ఆ అలల కింద లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి.

తేదీలు ఇంకా ఖాయం కాకపోతే ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు వదిలేయండి. ఆ రోజుల్లో అక్కడి వేళాంకణ్ణి మాత చర్చి ఉత్సవానికి జనం పోటెత్తుతారు. కారు ఇంటి దాకా రావడమే కష్టమవుతుంది.