బిలియన్ అంటే వంద కోట్లా, లక్ష కోట్లా?

మీ తాతగారి పాత బ్రిటిష్ డిక్షనరీలో బిలియన్ అంటే లక్ష కోట్లని ఉంది, పేపర్లో మాత్రం వంద కోట్లే అంటున్నారు, ఏది నమ్మాలి అని అడిగారు కదా, టెన్షన్ పడకండి, డిక్షనరీ తప్పేం కాదండీ. బ్రిటన్‌లో ఒకప్పుడు బిలియన్ అంటే 1 పక్కన 12 సున్నాలు, అమెరికాలో 9 సున్నాలే. 1974లో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం కూడా అమెరికా లెక్కకే మారింది. ఇప్పటి ఇంగ్లీషులో 100 కోట్లే. పాత పుస్తకమైతే అచ్చయిన ఏడాది చూసుకోండి. జర్మన్‌లో ఆ మాటకి ఇప్పటికీ లక్ష కోట్లే, అనువాదాలు చేసేవాళ్లు జాగ్రత్త!

ఇంకో మాట, చాలామంది తడబడేది ఇక్కడే: ముందు అంకె ఉంటే 'బిలియన్' చివర ఎస్ పెట్టకూడదు, 'ఫైవ్ బిలియన్ రుపీస్' అనాలి. అంకె లేకుండా, మనం 'కోట్లకు కోట్లు' అన్నట్టు చెప్పేటప్పుడు మాత్రం 'బిలియన్స్ ఆఫ్ రుపీస్'.