ఏడాది కాంట్రాక్టుతో 23 ఏళ్ళు: వాల్టర్ ఆల్‌స్టన్ గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: అమెరికా బేస్‌బాల్‌లో వాల్టర్ ఆల్‌స్టన్ అనే మేనేజర్ ఒకే టీమ్‌కి 23 ఏళ్ళు పనిచేశాడని, ప్రతిసారీ ఒక్క ఏడాదికే కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్ళని చదివాను. నిజమేనా? అసలు అక్కడ మేనేజర్ అంటే క్రికెట్‌లో కోచ్ లాంటివాడేనా?

జవాబు: నిజమేనండి. 1954 నుంచి 1976 దాకా డాడ్జర్స్ టీమ్‌కి ఆయనే మేనేజర్, సంతకం పెట్టిన 23 కాంట్రాక్టులూ ఏడాదివే. ముందు మీ రెండో ప్రశ్న తేల్చేస్తాను. క్రికెట్‌లో గ్రౌండ్‌లో నిర్ణయాలు కెప్టెన్‌వి కదా, బేస్‌బాల్‌లో ఆ పని కూడా మేనేజర్‌దే. ఎవరు ఆడాలి, ఏ వరసలో బ్యాటింగ్‌కి రావాలి, పిచర్‌ని (బంతి విసిరేవాణ్ణి) ఎప్పుడు మార్చాలి, అన్నీ డగౌట్‌లోంచి ఆయనే చూసుకోవాలి, పైగా ఒకసారి బయటికి తీసేసిన ప్లేయర్‌ని ఆ మ్యాచ్‌లో మళ్ళీ దించే వీల్లేదు, కాబట్టి ఏ మార్పు చేసినా బాగా ఆలోచించే చెయ్యాలి.

ప్లేయర్‌గా మేజర్ లీగ్‌లో, అంటే అక్కడి టాప్ లెవెల్ బేస్‌బాల్‌లో, ఆల్‌స్టన్ ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. 1936లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున ఒక్కసారి బ్యాటింగ్‌కి వచ్చి స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లు పడి ఔట్) అయ్యాడు, ఫీల్డింగ్‌లో ఒక ఎర్రర్ కూడా చేశాడు. అక్కడితో సరి. తర్వాత ఏళ్ళ తరబడి కింది స్థాయి మైనర్ లీగుల్లోనే, సీజన్ లేనప్పుడు ఒహాయోలో స్కూల్ టీచర్‌గా పాఠాలు చెప్పుకునేవాడు. 1946లో నాషువా అనే మైనర్ టీమ్‌కి మేనేజర్‌గా ఉన్నప్పుడు డాడ్జర్స్ వాళ్ళు రాయ్ కాంపనెల్లా, డాన్ న్యూకమ్ అనే ఇద్దరు నల్లజాతి ప్లేయర్లని అక్కడికి పంపారు, మేజర్ లీగ్‌లో నల్లజాతి ప్లేయర్లకి దారి తెరిచిన జాకీ రాబిన్సన్ అందులో అడుగుపెట్టింది ఆ మరుసటేడు, అంటే అది ఎలాంటి కాలమో మీరే ఊహించుకోండి. అలాంటి టైమ్‌లో ఒక మ్యాచ్ మధ్యలో అంపైర్ ఆల్‌స్టన్‌ని బయటికి పంపేస్తే ఆయన టీమ్‌ని కాంపనెల్లా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆయన కప్పుల గురించి అందరూ చెప్తారు గానీ నాకైతే ముందు ఈ సంగతే చెప్పాలనిపిస్తుంది.

ఇక ఏడాది కాంట్రాక్ట్ గొడవ. ఆయన కంటే ముందున్న చక్ డ్రెసెన్ 1952, 1953లో వరసగా లీగ్ టైటిల్ తెచ్చిపెట్టి, ఆ ధీమాతో ఎక్కువ ఏళ్ళ కాంట్రాక్ట్ కావాలని పట్టుబట్టాడు. ఓనర్ వాల్టర్ ఓమాలీ ససేమిరా అన్నాడు, డ్రెసెన్ వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి వచ్చినవాడు ఆల్‌స్టన్, న్యూయార్క్ పేపర్లకి ఆయనెవరో కూడా తెలీదు.

రెండో ఏడే, 1955లో, అప్పట్లో డాడ్జర్స్ ఉన్న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి మొదటి వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య ఫైనల్) వచ్చింది. అంతకుముందు ఏడుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయిన టీమ్ అది, అందులో ఐదుసార్లు న్యూయార్క్ యాంకీస్ టీమ్ చేతిలోనే. ఈసారి కూడా యాంకీసే, సిరీస్ ఏడో మ్యాచ్, అంటే చివరిదాని దాకా వచ్చింది, ఆ మ్యాచ్‌లో డాడ్జర్స్ 2-0 రన్‌ల లీడ్‌లో ఉన్నారు. ఆరో ఇన్నింగ్స్‌లో ఆల్‌స్టన్ సెకండ్ బేస్‌మన్ (సెకండ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు) బదులు ఇంకొకర్ని బ్యాటింగ్‌కి పంపాడు, దాంతో ఆ చోటు ఖాళీ అయింది, అక్కడికి లెఫ్ట్ ఫీల్డ్‌లో (బ్యాటర్‌కి ఎడమవైపు దూరంగా) ఉన్న జిమ్ గిలియమ్‌ని తెచ్చి, లెఫ్ట్ ఫీల్డ్‌లో శాండీ అమొరోస్‌ని పెట్టాడు. వెంటనే యాంకీస్ బ్యాటింగ్, ఇద్దరు బేస్‌ల మీద ఉన్నారు, ఒక్కరూ ఔట్ కాలేదు, యోగి బెర్రా కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ లైన్ పక్కకి పోతోంది. అమొరోస్ ఎడమచేతి వాటం, అంటే గ్లోవ్ లైన్ వైపున్న కుడిచేతికి ఉంటుంది, పరిగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి చాపితే బంతి అందులో పడింది, అక్కణ్ణుంచి రిలే త్రోతో (ఒకరి నుంచి ఒకరికి విసిరి), క్యాచ్ పడ్డాక ఫస్ట్ బేస్‌కి తిరిగి చేరలేకపోయిన రన్నర్ కూడా ఔటై రెండో ఔట్ దొరికింది. అక్కడ గిలియమే ఉండుంటే గ్లోవ్ ఎడమచేతికి ఉండేది, ఆ బంతి అందడం చాలా కష్టం. మ్యాచ్ 2-0తోనే ముగిసింది.

ప్రశ్న: కోనీ మాక్ ఒకే టీమ్‌కి 50 ఏళ్ళు మేనేజర్‌గా ఉన్నాడు కదా. ఆ లెక్కన ఆయనే గొప్ప కాదా?

జవాబు: మాక్‌ని తక్కువ చెయ్యనండి, ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌కి ఐదు వరల్డ్ సిరీస్‌లు గెలిపించిన మనిషి. పిట్స్‌బర్గ్‌లో చేసిన కాలం కూడా కలిపితే మొత్తం 3,731 మ్యాచ్‌లు గెలిచాడు, కాకపోతే 3,948 ఓడిపోయాడు కూడా. 1916లో ఆయన టీమ్ 36 గెలిచి 117 ఓడింది. అయినా ఉద్యోగం పోలేదు, ఎందుకంటే ఆయన ఆ టీమ్‌లో వాటాదారు, తర్వాత పెద్ద ఓనర్ కూడా అయ్యాడు. ఆల్‌స్టన్‌కి ఆ అండ లేదు. లాస్ ఏంజెలెస్‌కి మారిన 1958లో టీమ్ ఎనిమిదింట్లో ఏడోది, అయినా ఇంకో ఏడాది ఇచ్చారు, 1959లో కప్పు తెచ్చాడు. 1962లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌తో లీగ్ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ చివరి మ్యాచ్‌లో ఆఖరి ఇన్నింగ్స్‌కి 4-2 లీడ్ ఉండి కూడా ఓడిపోయారు, అప్పుడు ఆయన కింద కోచ్‌గా ఉన్నది ఎవరనుకున్నారు, ఒకప్పుడు ఇదే టీమ్‌కి మేనేజర్‌గా చేసిన లియో డురోషర్. ఆ కుర్చీ మీద కన్నున్న మనిషిని పక్కనే కూర్చోబెట్టుకుని పనిచెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. మరుసటేడు వరల్డ్ సిరీస్‌లో ఆల్‌స్టన్ యాంకీస్‌ని 4-0తో ఊడ్చేశాడు. అందుకే 50 ఏళ్ళ కంటే ఈ 23 ఏళ్ళే నాకు ఎక్కువగా కనిపిస్తాయి.

ప్రశ్న: డాడ్జర్స్‌లో ఆడిన శాండీ కూఫాక్స్ లాంటి పిచర్ ఉంటే ఎవరైనా గెలిపిస్తారు కదండీ?

జవాబు: 1955 టీమ్‌లో కూఫాక్స్ ఇంకా కుర్రాడు, ఆ సిరీస్‌లో ఒక్క బంతి కూడా వెయ్యలేదు, అది హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టే టీమ్. 1965 టీమ్ దానికి పూర్తి రివర్స్, ఆ ఏడు మేజర్ లీగ్‌ల్లో అందరికంటే తక్కువ హోమ్ రన్‌లు వీళ్ళవే, మౌరీ విల్స్ 94 బేస్‌లు దొంగిలించాడు (బంతి కొట్టకముందే పరిగెత్తి తర్వాతి బేస్‌కి చేరడం), ఒకటీ రెండూ రన్‌లు తెచ్చుకుని మిగతాది పిచర్ల మీద వదిలేవాళ్ళు. ఆ రెండు టీమ్‌లతోనూ కప్పు గెలిచాడు. 1965 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌కి ఆల్‌స్టన్ ముందు ఇద్దరున్నారు, మూడు రోజుల రెస్ట్ తీసుకున్న డాన్ డ్రైస్‌డేల్, రెండే రోజుల రెస్ట్ ఉన్న కూఫాక్స్. ఆల్‌స్టన్ కూఫాక్స్‌నే దించి డ్రైస్‌డేల్‌ని బుల్‌పెన్‌లో (పిచర్లు వార్మప్ చేసే చోట) రెడీగా పెట్టాడు. కూఫాక్స్‌కి ఆ రోజు కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) సరిగ్గా పడలేదు, దాదాపు అన్నీ ఫాస్ట్‌బాల్స్‌తోనే లాగి 10 మందిని స్ట్రైకౌట్ చేశాడు, మిన్నెసోటా ట్విన్స్‌కి ఒక్క రన్ కూడా రాలేదు. కూఫాక్స్ తడబడి ఉంటే మర్నాడు పేపర్లన్నీ తిట్టేది ఆల్‌స్టన్‌నే, అదీ కాంట్రాక్ట్ అయిపోయే నెలలో.