ముందు గోడ, తర్వాతే బొమ్మ

ప్రశ్న: మా వీధిలో బడి ప్రహరీ 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. చందాలు వేసుకుని దాని మీద కలంకారీ బొమ్మలు వేయించాం. ఒక్క వానాకాలానికే పొరలు పొరలుగా ఊడిపోయాయి, మిగిలిన చోట పోస్టర్లు వెలిశాయి. ఈసారి ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, మచిలీపట్నం

జవాబు: పొరలుగా ఊడిందంటే లోపం రంగులో కాదు, దాని కిందున్న సున్నంలోనో చెమ్మలోనో ఉంటుంది. సున్నం రాలితే పైనున్న రంగునూ లాక్కుపోతుంది. అరచేత్తో రుద్దినా తెల్లపొడి అంటనంతవరకు గోడను గీకించండి. తర్వాత అడుగున్నర చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి, ఒక రోజంతా వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆగాలి. మీది సముద్రం పక్క ఊరు, గోడ మీద ఉప్పు పూస్తుంది. దాన్ని పొడి బ్రష్షుతోనే దులపండి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే ఇంకుతుంది. కొత్తగా ప్లాస్టరింగు చేయిస్తే మాత్రం నెల రోజులు ఆగక తప్పదు, పచ్చి సిమెంటులోని క్షారం రంగుల్ని తినేస్తుంది.

320 చదరపు అడుగులకు ప్రైమర్ 3–4 లీటర్లు, పైన రెండు పూతలకు బయటి గోడల ఎమల్షన్ 6 లీటర్లు సరిపోతాయి. బొమ్మ రంగులకు మీ కలంకారీయే దారి చూపిస్తుంది. ఎరుపు, నలుపు, కరక్కాయ పసుపు దాని పాత రంగులు. గోడకు వాటినే రెడ్ ఆక్సైడ్, బ్లాక్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్‌లతో వేస్తే ఎండకు తొందరగా వెలవవు. మెరిసే గులాబీ, నారింజ రంగులే ముందు పాలిపోతాయి. వాన బురద చిమ్మే అడుగున్నర వరకు బొమ్మ వద్దు, పాత ఇళ్లకు పూసినట్టు జాజు రంగు పట్టీ వేసి వదిలేయండి. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందే పని ముగించాలి.

పోస్టర్ల సంగతి వేరు. బొమ్మ వీధిదైతేనే వీధి దాన్ని కాపాడుతుంది. పెడనలో కలంకారీ అచ్చులు అద్దే పనివాళ్లకు కూలి ఇచ్చి నమూనాలు గీయించండి. అడుగుకు అంగుళం లెక్కన 40 అంగుళాల కాగితం మీద ఆ బొమ్మ వేయించి, టీ కొట్టులో వారం పాటు తగిలించండి. వచ్చిన అభ్యంతరాలన్నీ అక్కడే తేలిపోవాలి. గోడ మీద గీతలు చిత్రకారులు గీస్తే, ఐదేసి అడుగుల ముక్కలుగా ఎనిమిది జట్లు రంగులు నింపవచ్చు. ఆ ముక్క బాగోగులు ఇక ఆ జట్టువే. ప్రతి రంగూ అర లీటరు దాచండి. పోస్టరు పడితే తడిపి ఆ రోజే తీసేయాలి. ఒకటి నిలిచిందంటే పక్కన పది వస్తాయి. మూత్రం పోయకుండా దేవుడి బొమ్మలు వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అక్కడ కావలసింది మరుగుదొడ్డి, వీధి దీపం.

ప్రశ్న: ట్యాంక్‌బండ్ మీద ‘సండే ఫండే’ పెట్టినట్టు మా బజారు వీధిలో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి కళా ప్రదర్శనలు పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెట్టవచ్చు గానీ సాయంత్రం వద్దు. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం 5 నుంచి 10 దాకా బండ్లు ఆపగలిగారంటే, అక్కడ ఒక పక్క నీళ్లు, గట్టు కింద ఇంకో రోడ్డు ఉన్నాయి. బజారు వీధిలో అడుగడుక్కీ దుకాణం, సాయంత్రమే బేరం. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజులు ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా రోడ్లు జనానికి వదిలేస్తున్నారు, ఇప్పుడది 120 కిలోమీటర్లు దాటింది. కూడళ్లలో మనుషులు నిలబడి అడ్డంగా దాటే బండ్లను వంతులవారీగా పంపుతారు.

మీరు 300 మీటర్లతో, ఉదయం 6 నుంచి 9 దాకా మొదలుపెట్టండి. ట్రాఫిక్ పోలీసుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. అంబులెన్సుకు 4 మీటర్ల దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వేళ మాత్రం ఏ వారమూ మార్చకండి, మారితే దుకాణదారులకు నమ్మకం పోతుంది. వేదిక, మైకు అక్కర్లేదు. ఒగ్గుకథ డోలు వీధి చివరిదాకా వినిపిస్తుంది.