బ్యాండులో కుర్చీ మారినప్పుడు

ఔత్సాహిక బ్రాస్ బ్యాండుల (ఇత్తడి ఊదు వాద్యాల బృందాల) సభ్యులు రాసిన నాలుగు ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నలభై దాటిన తరువాత ట్రంపెట్ వంటి చిన్న వాద్యమైన కార్నెట్ నేర్చుకున్నాను. ఆరేళ్లుగా మా బ్యాండులో సెకండ్ కార్నెట్ వాయిస్తున్నాను. కార్నెట్ కన్నా పెద్దదైన టెనార్ హార్న్ వాయించే సభ్యురాలు ఊరు మారి వెళ్లిపోవడంతో, ఆ స్థానంలోకి నన్ను మారమని మా కండక్టరు గారు రిహార్సల్ చివర అందరి ముందూ అడిగారు. కాదనలేక ఒప్పుకున్నాను గాని, నా వాయింపు బాగాలేకనే పక్కకు జరిపారేమోనన్న బాధ పోవడం లేదు. ఇన్నాళ్ల సాధన వృథా అయినట్లేనా?

జవాబు: కాదండీ. మీ సాధనలో చాలా భాగం మీతోపాటే కొత్త కుర్చీలోకి వస్తుంది. బ్రిటిష్ పద్ధతి బ్రాస్ బ్యాండులో ఇత్తడి వాద్యాలు వాయించేవారు మొత్తం 25 మంది. సోప్రానో అనే చిన్న కార్నెట్‌తో కలిపి కార్నెట్లు పది, ఫ్లూగెల్ హార్న్ ఒకటి, టెనార్ హార్న్‌లు మూడు, బారిటోన్లు రెండు, యూఫోనియంలు రెండు, ట్రోంబోన్లు మూడు, అన్నిటికన్నా మంద్రంగా పలికే పెద్ద వాద్యాలైన బేస్‌లు నాలుగు ఉంటాయి. వీటిలో బేస్ ట్రోంబోన్‌కు తప్ప మిగిలిన అన్నింటికీ స్వరాలను ట్రెబుల్ క్లెఫ్ అనే ఒకే స్వరలిపి పద్ధతిలోనే రాస్తారు. అందువల్ల కాగితం మీద కనిపించే స్వరానికి కార్నెట్‌పై మీరు ఏ వాల్వులు (గాలి దారిని మార్చే మీటలు) నొక్కేవారో టెనార్ హార్న్‌పైనా అవే నొక్కుతారు. వినిపించే స్వరం మాత్రం పంచమమంత దూరం కిందికి దిగుతుంది. ఒకరు వెళ్లిపోయినప్పుడు మరొకరు ఆ చోటికి మారి బ్యాండును నిలబెట్టగలుగుతున్నారంటే అది ఈ ఏర్పాటు చలవే.

ఈ పోలిక యాదృచ్ఛికంగా వచ్చింది కాదు. స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు జర్మన్ వాద్యకారులు 1818లో వాల్వుకు పేటెంటు పొందాక ఇత్తడి వాద్యాలు అన్ని స్థాయిల్లోనూ అన్ని స్వరాలూ పలకడానికి దారి ఏర్పడింది. 1840లలో పారిస్‌లో అడాల్ఫ్ సాక్స్ చిన్నదాని నుంచి చాలా పెద్దదాని వరకు ఒకే పోలికతో ఒక వాద్య కుటుంబాన్ని రూపొందించాడు. డిస్టిన్ అనే వాద్యకారుల కుటుంబం ఆ వాద్యాలతో బ్రిటన్‌లో కచేరీలు చేసి వాటికి పేరు తెచ్చింది. మీ చేతికి వచ్చిన టెనార్ హార్న్ ఆ సంతతిలోదే.

మారేది పెదవుల పని. హార్న్ మౌత్‌పీస్ (పెదవులు ఆనించే భాగం) కార్నెట్ దానికన్నా వెడల్పు, లోతు ఎక్కువ. గొట్టం పొడవు కార్నెట్‌లో సుమారు 1.4 మీటర్లయితే ఇందులో సుమారు 2 మీటర్లు. కార్నెట్‌కు అలవాటుపడిన బిగువుతో ఊదితే స్వరం సన్నగా, శ్రుతికి కాస్త పైన పలుకుతుంది. మొదటి వారాల్లో వేగమైన భాగాల జోలికి పోకుండా, రోజూ ఇరవై నిమిషాలు నెమ్మదైన దీర్ఘస్వరాలు ఊదండి. బ్యాండులు రిహార్సల్ మొదట్లో వాయించే స్తుతిగీతాల్లోని హార్న్ భాగాలు ఇందుకు ఎంతో బాగా పనికివస్తాయి. వాటిలో దాక్కోవడానికి చోటు ఉండదు, పక్కవారి శ్రుతి స్పష్టంగా వినిపిస్తుంది. పెదవులు కుదురుకునేదాకా ఒకే రోజు రెండు వాద్యాలూ పట్టకపోవడం మేలు.

ఇక మీ అసలు బాధ సంగతి. నేను తొమ్మిదేళ్లు సెకండ్ హార్న్ వాయించాను. ఆ తొమ్మిదేళ్లలో కచేరీ అయ్యాక నా దగ్గరికి వచ్చి మీ వాయింపు బాగుందని చెప్పిన శ్రోత ఒక్కరూ లేరు. హార్న్ గంట, అంటే ధ్వని వెలువడే వెడల్పాటి నోరు, పైకప్పు వైపు తిరిగి ఉంటుంది, దాని స్వరం మిగిలినవాటిలో కలిసిపోతుంది. కాని కవాతు గీతం వాయిస్తున్నప్పుడు బేస్‌లు తాళం దెబ్బ మీద పలికితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య పలికేది హార్న్‌లే. ఆ మధ్య స్వరాలు వెంట్రుకవాసి ఆలస్యమైనా ఇరవైమంది నడక బరువెక్కుతుంది. నెమ్మదైన గీతాల్లో చాలాచోట్ల స్వరమేళనంలో గాంధారం, అంటే ఆ మేళనం వెలుగుగా ఉందో విషాదంగా ఉందో తేల్చే స్వరం, హార్న్‌ల చేతిలోనే ఉంటుంది. ఒకసారి జ్వరంతో నేను రిహార్సల్‌కు వెళ్లలేదు. ఆ సాయంత్రం గీతం మధ్యలో గుంట పడినట్లు వినిపించిందని ఫస్ట్ బారిటోన్ మిత్రుడు మర్నాడు చెప్పాడు. నేను అందుకున్న ప్రశంసల్లో అంత ఇష్టమైనది మరొకటి లేదు.

బ్రాస్ బ్యాండు పోటీల్లో న్యాయనిర్ణేతలను తెర కట్టిన గదిలో కూర్చోబెట్టే ఆనవాయితీ ఉంది. వాయిస్తున్నది ఏ బ్యాండో, ఏ కుర్చీలో ఎవరున్నారో వారికి కనబడదు. వారికి చేరేది మొత్తం ధ్వని ఒక్కటే. మూడు హార్న్‌లలో ఒకటి లేని బ్యాండును అలాంటి చెవి వెంటనే పట్టేస్తుంది. కార్నెట్లు తొమ్మిదే ఉన్నా కొంతవరకు సర్దుకోవచ్చు గాని, రెండు హార్న్‌లతో నెట్టుకురావడం కష్టం. అంతమందిలో మిమ్మల్నే అడగడానికి కారణం ఇది కావచ్చు. పక్కవారిని విని వాయించగలిగిన వ్యక్తినే మధ్య వరుసకు పంపుతారు.

అయినా మీ కండక్టరు గారు చేసిన పనిలో ఒక పొరపాటు ఉంది. కుర్చీ మార్పు గురించి ఎవరినైనా ఒంటరిగా కలిసి, ఆలోచించుకోవడానికి వారం గడువిచ్చి అడగాలి. అందరి ముందూ అడిగితే కాదనే స్వేచ్ఛ ఎదుటివారికి ఉండదు. ఈ మాట ఆయనతో మర్యాదగా, సూటిగా చెప్పండి. ఈ మార్పు ఎంతకాలానికో, కార్నెట్‌కు తిరిగి రావాలనుకుంటే దారి ఉంటుందో లేదో కూడా అప్పుడే అడగండి. మీ బాధలో చాలా భాగం హార్న్ వల్ల గాక, అడిగిన తీరు వల్ల కలిగిందని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: మా బ్యాండు సభ్యులకు నెలనెలా పంపే వార్తాలేఖ బాధ్యత నాకు అప్పగించారు. కచేరీల వివరాలు మాత్రమే రాస్తే ఎవరూ చదవడం లేదు. సభ్యుల సంగతులు రాస్తే కొందరు నొచ్చుకుంటున్నారు. పోయిన నెల ఒకరి శస్త్రచికిత్స గురించి సానుభూతితోనే రాశాను, ఆయన నాతో మాట్లాడడం మానేశారు. ఏం రాయాలి, ఏం రాయకూడదు?

జవాబు: ముందుగా ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పండి. అది ఉత్తరంతోనో ఫోనుతోనో తీరే పని కాదు. మీ ఉద్దేశం మంచిదే, కాని ఆ వార్త మీది కాదు, ఆయనది.

బ్యాండు సభ్యుల కబుర్లకు అచ్చులో చోటు దొరకడం కొత్త కాదు. బ్రిటన్‌లో 1881లో ఒకటి, 1887లో మరొకటి బ్రాస్ బ్యాండుల కోసమే పత్రికలు మొదలయ్యాయి. ఏ బ్యాండు ఎలా సాధన చేస్తోంది, ఎవరు ఏ బ్యాండులోకి మారారు వంటి సంగతులను వాటికి ఆయా ప్రాంతాల విలేఖరులు రాసి పంపేవారు. వారిలో పలువురు మారుపేర్లతో రాసేవారు. ముప్పైమంది కూడా లేని మీ బృందంలో మారుపేరు చాటు కుదరదు. రాసిన మనిషీ, ఎవరి గురించి రాశారో ఆ మనిషీ వచ్చే వారం ఒకే గదిలో పక్కపక్కన కూర్చోవాలి. కాబట్టి ఎవరి గురించి రాస్తున్నారో వారికి ముందే చదివి వినిపించి, వారు సరేనన్నాకే పంపండి. ఈ ఒక్క నియమం పాటించినా సగం చిక్కులు తీరతాయి.

అనారోగ్యం విషయంలో నా పద్ధతి చెబుతాను. ఒక సభ్యుడు ఎనిమిది వారాలు రాలేకపోతే, ఆయన రారన్న సంగతి, ఆయన థర్డ్ కార్నెట్ భాగాన్ని ఎవరు చూసుకుంటారన్న సంగతి బ్యాండుకు తెలియాలి. ఎందుకు రావడం లేదన్నది ఆయన చెప్పదలచుకుంటే చెబుతారు. పుట్టుకలు, పెళ్లిళ్లు, ఉద్యోగ విరమణలు సంతోషంగా రాయవచ్చు, కాని అవీ అడిగే రాయాలి. మరణవార్తను మాత్రం వార్తాలేఖ కోసం దాచి ఉంచకండి. అది అదే రోజు, ఒక మనిషి నోటి ద్వారా అందరికీ చేరాలి. లేఖలో ఆ తరువాత ఆ వ్యక్తి వాయింపు గురించి రాయండి.

చదివించే సంగతులు కచేరీల పట్టికలో దొరకవు, రిహార్సల్ గదిలో దొరుకుతాయి. ఈ నెల సాధన చేస్తున్న గీతంలో ఒకచోట ప్రధాన బాణీ సెకండ్ బారిటోన్‌కు వస్తుందనుకోండి. అది ఎక్కడో గుర్తించి, వాయించేవారి పేరుతో సహా రాసి చూడండి. వచ్చే రిహార్సల్‌లో అందరి చెవులూ అటు తిరుగుతాయి. చిరిగిన స్వరపత్రాలను ఓపికగా అతికించి వరుసలో పెట్టే మనిషి, అందరికన్నా ముందు వచ్చి కుర్చీలు వేసే మనిషి ప్రతి బ్యాండులోనూ ఉంటారు. వారి పని గురించి ఏ కచేరీ ప్రకటనలోనూ ఉండదు, మీ లేఖలోనైనా ఉండాలి. కొత్తగా చేరినవారిని ఈ వాద్యమే ఎందుకు పట్టుకున్నారని అడిగి, వారి మాటల్లోనే రెండు పేరాలు వేయండి. తప్పు వాయించినవారి గురించి హాస్యంగానైనా రాయవద్దు.

ప్రశ్న: మా బ్యాండులో ఈ-ఫ్లాట్ బేస్ వాయించే పెద్దాయనకు డెబ్బై ఆరేళ్లు. కొంతకాలంగా ఆలస్యంగా అందుకుంటున్నారు, కొన్ని స్వరాలు వదిలేస్తున్నారు. ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆయన మనసు కష్టపెట్టకుండా తప్పుకోమని ఎలా చెప్పాలి?

జవాబు: తప్పుకోమని చెప్పడానికి ముందు, ఏది కష్టంగా ఉందని ఆయనను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు.

బేస్ వాయించేవారికి వయసుతో వచ్చే ఇబ్బంది అన్నిసార్లూ ఊపిరిది కాదు. ఆ వాద్యం బరువు పది కిలోల దాకా ఉండవచ్చు. దాన్ని ఒళ్లో నిలబెట్టి పట్టుకోవడంలోనే భుజాలు అలసిపోయి, ఊపిరి తీసుకునే తీరు చెడుతుంది. బరువు మోసే స్టాండు పెడితే ఒక్క సాయంత్రంలో తేడా కనబడవచ్చు. తరువాత చూపు. కవాతు గీతాల స్వరపత్రాలు అరచేయంత చిన్న కార్డుల మీద అచ్చయి ఉంటాయి. వాటిని రెండింతలు పెద్దవి చేసి ఇచ్చి చూడండి. ఇక వినికిడి. ఆయన కుర్చీ డ్రమ్ములకు, ట్రోంబోన్లకు ఎంత దగ్గరగా ఉందో గమనించండి. ఏళ్ల తరబడి ఆ హోరులో కూర్చున్నవారికి కండక్టరు మాట సరిగా వినబడకపోవచ్చు. ఎక్కడి నుంచి మొదలుపెట్టమన్నారో వినబడని మనిషి ఆలస్యంగా అందుకుంటే, అది వాయింపులోని లోపం కాదు. పళ్లు కట్టించుకునే పని ఉంటే మౌత్‌పీస్‌ను వెంట తీసుకెళ్లి దంతవైద్యులకు చూపించమని చెప్పండి. ముందు పళ్ల అమరిక కొద్దిగా మారినా వాద్యకారుడి పెదవుల పట్టు మొత్తం మారిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా కష్టంగానే ఉంటే, ఈ-ఫ్లాట్ బేస్‌లు రెండు ఉంటాయి గనుక, దీర్ఘమైన భాగాలను ఇద్దరూ వంతులవారీగా పంచుకునేలా పెన్సిలుతో గుర్తు పెట్టుకోవచ్చు. బేస్ వరుసలో ఊపిరి ఒకరు తీసుకునేటప్పుడు మరొకరు పట్టి ఉంచడం ఎలాగూ ఉన్న పద్ధతే. ఏదో ఒకనాడు ఆయనే చాలిస్తానంటారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. దానికన్నా ముందే ఎవరైనా మాట్లాడక తప్పదనుకుంటే, ఆయన పక్క కుర్చీలో ఎక్కువకాలం కూర్చున్న మిత్రుడు, ఆయన ఇంట్లో, తీరికగా మాట్లాడాలి. సమావేశంలో ఆ ప్రస్తావన తేవద్దని మీ అందరినీ ప్రాధేయపడుతున్నాను.

ప్రశ్న: బ్యాండు వారి వాద్యం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతున్నప్పుడు శుభ్రం చేయడం తప్పనిసరా? పైకి మెరుస్తూనే ఉంది.

జవాబు: తప్పనిసరి. పైమెరుపు చూసి లోపలి సంగతి చెప్పలేము. ఒక ట్రోంబోన్ వాద్యకారుడు పదిహేనేళ్లు దగ్గుతో బాధపడ్డాడు. అతని వాద్యం లోపల పెరిగిన సూక్ష్మజీవులు, బూజు అందుకు కారణమని వైద్యులు కనుగొన్నారు. వాద్యాన్ని క్రమంగా శుభ్రం చేయడం మొదలుపెట్టాక అతనికి నయమైంది. ఆ కేసు 2010లో వైద్య పత్రికలో వచ్చింది. వాల్వులు, స్లైడ్లు (జరిపి తీయగల గొట్టాలు) విప్పి, గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి, గొట్టాలను పొడవాటి మెత్తని బ్రష్షుతో కడగండి. వేడినీరు లక్క పూతను ఊడగొడుతుంది. ఆరాక స్లైడ్లకు గ్రీజు, వాల్వులకు నూనె వేయండి. వాల్వుల మీద అంకెలు ఉంటాయి, ఏది ఎక్కడిదో చూసుకుని అక్కడే పెట్టండి. మౌత్‌పీస్ బిగుసుకుపోతే పటకారుతో లాగవద్దు. దానికోసమే తయారుచేసిన పరికరం ఉంది, బ్యాండు మొత్తానికి ఒకటి ఉంటే సరిపోతుంది.