డిగ్రీ పిల్లలు ఇంగ్లీషు యాప్‌ను మధ్యలో వదిలేయకుండా ఉండాలంటే

మాస్టారూ, పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాననీ, క్లాసంతటి చేతా డ్యువోలింగో అనే భాషలు నేర్పే యాప్ పెట్టించినా కొద్ది రోజులకే చాలామంది మానేశారనీ రాశారు. వాళ్ల ఆసక్తి నిలబడే దారేమిటని అడిగారు. నేనూ బరంపురంలో అదే పని చేస్తున్నాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను: తమ మాట వినడానికి ఒక మనిషి ఎదురుచూస్తున్నాడంటే పిల్లలు వదలకుండా నేర్చుకుంటారు. ఆ మాటకు సిద్ధమవడానికి యాప్ వాడుకోవాలి. ఒట్టి యాప్ చేతికిచ్చి ఊరుకుంటే ఎవరైనా మానేస్తారు, అది పిల్లల తప్పు కాదు.

పాయింట్ల సంగతి చూడండి. డ్యువోలింగో వారం వారం ఒక ముప్పై మందిని పట్టికలో పెట్టి పోటీ నడుపుతుంది. రోజూ తెరిస్తే రోజుల లెక్క పెరుగుతుంది, ఒక్కరోజు మానినా సున్నాకి పడిపోవచ్చు. మొదట్లో ఈ పోటీ బాగానే లాగుతుంది. తర్వాత తెలివైనవాళ్లు పాయింట్లు సులువుగా వచ్చే పాత పాఠాలే తిప్పి తిప్పి చేస్తారు. పట్టికలో పైనుండే పిల్లవాడు క్లాసులో నోరు విప్పడు. లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ పరిశోధకులు 1973లో ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత ఆడుకునే వేళ వాళ్లే మిగతావాళ్ల కన్నా తక్కువగా బొమ్మలు వేశారు. అందుకే స్క్రీన్‌షాట్ తెస్తే ఇంటర్నల్ మార్కులిస్తామని మాత్రం చెప్పకండి. ఉన్న కాస్త ఇష్టమూ పోతుంది.

ఒడిశాలో ఉన్న మన తెలుగు పిల్లల పరిస్థితి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి నలుగురూ నవ్వుతారన్న భయమే గొంతు నొక్కేస్తుంది. ఫోన్ చేసే పెద్ద మేలు ఇక్కడే ఉంది, అది నవ్వదు. ఇందుకు కొత్త యాప్ కూడా అక్కర్లేదు. జీబోర్డ్ కీబోర్డులో భారతీయ ఇంగ్లీషు ఎంచుకుని, మైకు గుర్తు నొక్కి ఒక వాక్యం చదవమనండి. ఏం వినబడిందో తెర మీద పడుతుంది. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి నందన్‌కానన్ జూ గురించి చదివితే, జూ బదులు ఫోన్ జూన్ నెల అని రాసింది. ఆ మొదటి అక్షరం, అంటే ఇంగ్లీషు జెడ్ శబ్దం, మన నోట పలకదు కదా. వాడు కిటికీ పక్కకి పోయి, నాలుకని పళ్ల దగ్గర పెట్టి తుమ్మెదలా మోగిస్తూ, ఫోన్ సరిగా రాసేదాకా కూర్చున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. అయితే ఫోన్‌కి అర్థంకానిదల్లా తప్పు ఉచ్చారణ కాదనీ పిల్లలకు చెప్పాలి. మన యాసని యంత్రం పట్టుకోలేని సందర్భాలు చాలా ఉంటాయి.

ఇక నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది వాట్సాప్ వాయిస్ మెసేజ్. అయిదారుగురికి ఒక గ్రూపు. ఒక్కొక్కరూ నిమిషం పాటు మాట్లాడి పెట్టాలి. విన్నవాళ్లలో ఒకరు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్న ఒకటి, అదీ గొంతుతోనే అడగాలి. విషయం పుస్తకంలోది కాకుండా ఇంట్లోదై ఉండాలి. పట్టుచీరలు నేసే ఇంటి అమ్మాయి ఒకతె బరంపురం పట్టు అంచు మీద వచ్చే ఫోడా కుంభ అనే నమూనా గురించి చెప్పింది. పడుగుని, పేకని ఇంగ్లీషులో ఏమంటారో తనే నిఘంటువులో వెతుక్కుంది. అసలు పట్టో కాదో ఎలా పోల్చుకుంటావని ఇంకో పిల్ల అడిగితే, చీర పోగు కాల్చి చూడటం గురించి చెప్పడానికి మూడు రకాలుగా మొదలుపెట్టి, ఆగి, మళ్లీ చెప్పింది. ఆ తడబాటు నాకు ఎంత సంతోషమనిపించిందో! ఏ యాప్ పాఠమూ ఆ ప్రశ్న అడగలేదు. ఆ మాటలన్నీ తర్వాత అంకీ అనే యాప్‌లో కార్డులుగా రాసుకుంది. మరిచిపోయే వేళకి ఒక మాటని మళ్లీ ముందుకు తేవడం అంకీ పని. మరపు ఎంత వేగంగా వస్తుందో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే కొలిచి చూపించాడు. ఆండ్రాయిడ్‌లో అంకీకి డబ్బు కట్టనక్కర్లేదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. మోహనా, ఆర్. ఉదయగిరి కొండల నుంచి వచ్చేవాళ్లకి అదే కావాలి. వాయిస్ కూడా ఇంటి దగ్గర రికార్డు చేసి పంపే గుర్తు నొక్కి ఉంచితే, సిగ్నల్ దొరికిన చోట దానంతటదే వెళ్తుంది.

మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు రాజావారి బడిలో పనిచేస్తూ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని, అతనితో మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి, వాళ్లు తిరిగే వీధుల కథే కాబట్టి చెవిన పెడతారు.

మీరు మొదలుపెట్టేటప్పుడు క్లాసంతటినీ దించకండి, ఇష్టపడి వచ్చిన అయిదారుగురు చాలు. మొదటి వాయిస్ మీరే పెట్టండి, మీ ఇంటి సంగతే ఏదైనా. పిల్లల వాయిస్‌లో తప్పులన్నీ దిద్దకుండా, అర్థం చెడగొట్టే ఒక్కదాన్నే చెప్పండి. అంతకన్నా ముందు, వాళ్లు చెప్పిన విషయానికి జవాబివ్వండి. ఫోన్ అన్నయ్యదో నాన్నదో అయిన ఆడపిల్లలుంటారు. వాళ్లకి రాత్రి గడువు పెట్టకండి, కాలేజీలో భోజనం వేళ మీ ఫోన్‌లోనే మాట్లాడించండి. బ్యాంకు, రైల్వే పరీక్షలకు చదివేవాళ్లు ఇదంతా మాకెందుకంటారు. వాళ్లకి వ్యాకరణం యాప్‌లే ఇచ్చి, ఇంటర్వ్యూ ఉన్నవాళ్లని ఆ దశకి వచ్చాక గ్రూపులోకి పిలవండి.